చెవి మిషన్: విశాఖ తేమలో ఏళ్లపాటు వాడాక

నేను వాడేది చెవి వెనక పెట్టుకుని, సన్నని వైరు చివర స్పీకర్‌ను చెవిలోకి దూర్చే రకం. రెండు చెవులకూ కలిపి లక్షకు దగ్గరైంది. ఎదుటివాళ్ల మాట తెలియడానికే కొన్నాను, ఆ పని బాగా చేస్తోంది.

ఆరోగ్యంగా ఉన్న కుర్ర చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది). వయసు మీద పడేకొద్దీ అది పై నుంచి తరుగుతూ వస్తుంది. గాజువాక వైపు షెడ్లలో గ్రైండర్ల పక్కనే ఉద్యోగమంతా గడపడంతో నాకు తొందరగానే తరిగింది. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష చేసి గీసిచ్చే పటంలో, గీత 1,000 హెర్ట్జ్ దాకా బాగానే నడిచి, 4,000 దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద మోతల్లో పనిచేసినవాళ్లకి సాధారణంగా మొదటి దెబ్బ ఆ చుట్టుపక్కలే తగులుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

చాలామంది చెవి బాగానే ఉందనుకోవడానికి కారణం ఉంది. హార్బర్‌లో పెద్ద ఓడ కూత నాకు మిషన్ లేకుండానే వినబడుతుంది. 200 మీటర్లు, అంతకు మించి పొడవున్న ఓడల హారన్ 70-200 హెర్ట్జ్ మధ్య ఉండాలని అంతర్జాతీయ నిబంధన. అక్కడ నా చెవికి ఏ లోటూ లేదు. వంటింట్లోంచి మా ఆవిడ "చారు పొయ్యనా?" అంటే మాత్రం చారో, సారో, కారో తెలిసేది కాదు. అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, చ లాంటివాటి పదును చాలావరకు 2,000 పైనే. పాపం, ఆవిడ గొంతు పెంచినా అచ్చులే పెరిగేవి, మాట విడిపోయేది కాదు.

మిషన్ ఆ పై భాగాన్నే ఎంచి పెంచుతుంది. మొదట్లో పేపరు మడతపెట్టినా, గిన్నెలో గరిటె తగిలినా చిరాకేసింది. రోజంతా పెట్టుకునే ఉంటే కొన్ని వారాల్లో అలవాటైంది. ఇప్పుడు మనవరాలు ఫోన్లో గబగబా చెప్పే కబుర్లు కూడా అందుతున్నాయి. నాదస్వరం మాత్రం ఇందులో గీరుకున్నట్టే ఉంటుంది. సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టించుకున్నా పూర్తి తృప్తి లేదు. ఆర్కే బీచ్‌లో గాలి మైకుకి కొట్టి బుస్సుమంటుంది, అక్కడ తీసేసి జేబులో వేసుకుంటాను.

మన ఊళ్లో దీని అసలు శత్రువు తేమ, చెమట. రాత్రి సెల్ తీసి, సెల్ పెట్టే తలుపు తెరిచే ఉంచి, మిషన్‌ను తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెడతాను. నాది 312 సైజు, గోధుమరంగు స్టిక్కర్ సెల్. అది గాలి పీల్చుకుని పనిచేస్తుంది కాబట్టి స్టిక్కర్ పీకాక కొన్ని నిమిషాలు బయట ఉంచి వేయాలి. శబ్దం మూగబోతే ముందు స్పీకర్ చివర గులిమిని అడ్డుకునే జల్లెడ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

నేను మొదట వెళ్లిన షాపులో ఆడియోగ్రామ్ తీయకుండానే జత అంటగట్టబోయారు, లేచి వచ్చేశాను. పరీక్ష 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో చెవికి విడిగా చేయించుకోండి. ఆ తర్వాత ట్యూనింగ్‌కి ఎన్నిసార్లు రావచ్చో డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.