బీటిల్‌వీక్‌లో వాయించడానికి వెళ్తే: లివర్‌పూల్‌లో బస, దారి, సామాను

ఏటా ఆగస్టు చివర్లో, ఇంగ్లండ్‌లో సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతానికి, లివర్‌పూల్‌లో బీటిల్‌వీక్ జరుగుతుంది. బీటిల్స్ పాటలు వాయించే బ్యాండ్లు ఎక్కడెక్కడి దేశాల నుంచో దిగుతాయి. ఒక్కో బ్యాండుకు రోజుకు ఒకటో రెండో వేదికలు పడతాయి. గిటార్ భుజానేసుకుని వాటి మధ్య నడిచేది మీరే కాబట్టి, గది ఎంత బాగుందన్నది తర్వాత, బీటిల్స్ తొలినాళ్లలో వాయించిన కావెర్న్ క్లబ్ ఉన్న మాథ్యూ స్ట్రీట్‌కు ఎంత దూరమన్నదే ముందు చూడాలి.

అదే వారాంతంలో పక్కనే డేర్స్‌బరీలో క్రీమ్‌ఫీల్డ్స్ అనే పెద్ద డాన్స్ సంగీత ఉత్సవం కూడా ఉంటుంది. రెండూ కలిసి హోటల్ ధరల్ని చెట్టెక్కిస్తాయి. నార్త్ జాన్ స్ట్రీట్‌లోని హార్డ్ డేస్ నైట్ హోటల్ నుంచి కావెర్న్ క్లబ్‌కు రెండు నిమిషాలు. సెట్‌కీ సెట్‌కీ (ఒక ప్రదర్శనకీ మరోదానికీ) మధ్య గిటార్ గదిలో పెట్టి రావచ్చు, కానీ ఖరీదు ఎక్కువ, వీధి గోల అర్ధరాత్రి దాటినా తగ్గదు. లైమ్ స్ట్రీట్ స్టేషన్ దగ్గరి అడెల్ఫీ 1914 నాటి పెద్ద భవనం. అభిమానుల సమావేశాలు ఏళ్ల తరబడి అందులోనే జరిగాయి. అక్కడి నుంచి కావెర్న్‌కు పావుగంట నడక. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే వేసవిలో అద్దెకిచ్చే విద్యార్థుల వసతి గదులే మేలు. వంటగది ఉంటుంది, పచ్చడి, అన్నంతో రాత్రి గడిచిపోతుంది. పదకొండు దాటాక చాలా రెస్టారెంట్లు మూసేస్తాయి. పగలైతే బోల్డ్ స్ట్రీట్‌లో శాకాహారులకు కొదవలేదు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా మాంచెస్టర్‌లో దిగడమే తేలిక. విమానాశ్రయం నుంచి లైమ్ స్ట్రీట్‌కు రైల్లో గంట పైచిలుకు. లండన్‌లో దిగితే సామానుతో యూస్టన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మరో రెండుంబావు గంటలు. సెలవు వారాంతాల్లో పట్టాల పనుల కోసం రైళ్లు ఆపేస్తుంటారు, తిరుగు ప్రయాణం మంగళవారానికి పెట్టుకోండి.

వీసా సంగతి. పారితోషికం లేకుండా వాయించడానికి మామూలు విజిటర్ వీసా సరిపోతుంది. డబ్బు తీసుకునేట్టయితే ముందుగానే ఆహ్వాన పత్రం ఉండాలి, దిగిన 30 రోజుల్లోపు ఆ కార్యక్రమం అయిపోవాలి. ఆ వీసా మీద జనానికి నేరుగా సరుకు అమ్మకూడదు, కాబట్టి టీషర్టుల పెట్టె ఇంట్లోనే వదిలేయండి.

ఇక సామాను. డ్రమ్స్, ఆంప్‌లు (గిటార్ ధ్వనిని పెంచే పెట్టెలు) సాధారణంగా వేదిక మీదే ఉంటాయి, అందరూ వాటినే పంచుకుంటారు. డ్రమ్స్‌లో స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం ఎవరివి వాళ్లవే. పాల్ మెకార్ట్నీలా వాయించాలంటే కావాల్సిన ఎడమచేతి బాస్ ఎవరూ సమకూర్చరు, మోసుకెళ్లాల్సిందే. అక్కడి కరెంటు మనదే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మారేది ప్లగ్గు ఒక్కటే. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన 120 వోల్టుల గిటార్ ఎఫెక్ట్ పెడల్ అడాప్టర్లతోనే చిక్కు: పెట్టిన క్షణంలో కాలిపోతాయి. కొన్ని బీటిల్స్ పాటల్లో సితార్ ఉంది కాబట్టి దాన్ని తీసుకెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది, జనం లేచి నిలబడతారు కూడా. గట్టి పెట్టె లేకుండా విమానం సరుకుల గదిలో వేస్తే మాత్రం సొరకాయ బుర్ర పగిలి చేతికొస్తుంది. తంబూరా శ్రుతికి ఎలక్ట్రానిక్ డబ్బా చాలు.

కావెర్న్ 1973లో మూతపడింది, 1984లో పాత ఇటుకలు చాలావాటితో మళ్లీ లేచింది. అసలుదా నకలా అని సందర్శకులు వాదించుకోనివ్వండి, వాయించేవాళ్లకు కావాల్సింది ఆ ఇటుక కమానులు ధ్వనిని ఏం చేస్తాయన్నది. డ్రమ్స్ మోత గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఏసీ30 లాంటి 30 వాట్ల ఆంప్‌ను సగం తిప్పితేనే పాడేవాళ్లకు తమ గొంతు వినపడదు. ముగ్గురు కలిసి పాడే చోట శ్రుతి జారేది ఇందుకే, సాధన చాలక కాదు. మానిటర్‌లో (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్‌లో) గొంతులు తప్ప ఇంకేమీ వద్దని సౌండ్ మనిషికి ముందే చెప్పండి. మెకార్ట్నీ వాయించిన, లోపల బోలుగా ఉండే హాఫ్నర్ బాస్ ఆంప్‌కు దగ్గరగా వస్తే కూత పెడుతుంది, రెండడుగులు జరిగి నిలబడండి. 12 తీగల గిటార్‌ను చల్లటి వీధి నుంచి ఆ ఉక్కపోత నేలమాళిగలోకి తెస్తే తీగలన్నీ కదిలిపోతాయి. సెట్‌కు పావుగంట ముందే పెట్టె తెరిచి ఉంచాలి. శ్రుతి చూపే క్లిప్ ట్యూనర్ ఆ మోతకు తడబడుతుంది, కాలికింది పెడల్ ట్యూనరే నమ్మకం.

శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడే, చెకిన్‌కు ముందు కస్టమ్స్ కౌంటర్లో వాయిద్యాల సీరియల్ నంబర్లు చూపించి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు పదేళ్లుగా వాయిస్తున్న గిటార్ కూడా కొత్తగా కొన్నదే అవుతుంది, సుంకం కట్టమంటారు.