కనిపించని షెల్ఫ్ బ్రాకెట్లు: విడి రాడ్లా, ప్లేటు రకమా?

కింద ఆధారమేదీ కనబడకుండా గోడలోంచి పొడుచుకొచ్చినట్టు ఉండే షెల్ఫులకు రెండు రకాల బ్రాకెట్లు దొరుకుతాయి. ఒకటి విడి రాడ్లు. గోడకు ఒక్కో బెజ్జం వేసి ఒక్కో రాడ్డూ బిగించుకోవాలి. రెండోది పొడవాటి ఇనుప ప్లేటుకు రాడ్లు వెల్డింగ్ చేసి ఇచ్చేది. పుస్తకాలో గిన్నెలో పెట్టాలనుకుంటే ప్లేటు రకమే కొనండి. విడి రాడ్లు ఫొటో ఫ్రేములకు, చిన్న అలంకరణ వస్తువులకు సరిపోతాయి, అంతే.

విడి రాడ్డుతో చిక్కు ఎక్కడంటే, బరువంతా బెజ్జం అంచు మీద పడుతుంది. ఆ అంచు ఇటుక కాదు, సిమెంటు పూత. అది కొద్దికొద్దిగా నలిగిపోయి రాడ్డు కిందికి వాలుతుంది. 250 మి.మీ. వెడల్పున్న షెల్ఫ్ ఒక్క డిగ్రీ వాలినా ముందు అంచు 4 మి.మీ. పైగా దిగిపోతుంది, కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పైగా రెండు బెజ్జాలు ఒకదానికొకటి సమాంతరంగా రాకపోతే చెక్క సగం దూరి ఆగిపోతుంది.

ప్లేటు రకంలో ఈ బెడద లేదు. అయితే కొనేముందు అందరూ రాడ్డు మందం చూస్తారు గానీ అసలు చూడాల్సింది ప్లేటు ఎత్తు. లెక్క చూడండి. షెల్ఫ్ సొంత బరువుతో కలిపి 20 కిలోలు అనుకుందాం. 250 మి.మీ. వెడల్పులో ఆ బరువు గోడకు 125 మి.మీ. దూరాన పనిచేస్తుంది. ప్లేటు ఎత్తు 30 మి.మీ. ఉండి స్క్రూలు నడుమ వరసలో ఉంటే, కింది అంచు నుంచి వాటికి 15 మి.మీ. దూరమే. బరువుకు ప్లేటు ఆ కింది అంచు మీద ఒరగబోతుంది కాబట్టి స్క్రూలను గోడలోంచి పెరికే మొత్తం లాగుడు (20 × 125 ÷ 15) 165 కిలోలు దాటుతుంది. అదే 50 మి.మీ. ప్లేటుకు స్క్రూలు కింది అంచు నుంచి 35 మి.మీ. ఎత్తున ఉంటే దాదాపు 71 కిలోలే. బరువు అదే, గోడ అదే, లాగుడు సగానికన్నా తక్కువ. కాబట్టి స్క్రూ బెజ్జాలు పై అంచుకు దగ్గరగా ఉన్న ప్లేటు ఎంచుకోండి. రాడ్లు 12 మి.మీ. మందం, షెల్ఫ్ వెడల్పులో కనీసం సగం పొడవు ఉండాలి. మూలమట్టం పెట్టి చూడండి: వెల్డింగ్ వేడికి వంగి రాడ్డు కిందికి చూస్తుంటే ఆ ముక్క తిరిగి ఇచ్చేయడమే మేలు.

పెట్టెలో వచ్చే ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం గోడ బెజ్జంలో దూర్చే గొట్టాలు), స్క్రూల విషయంలో మాత్రం ఈ సరుకుకు మార్కులు వేయలేం. చాలావాటిలో 40 మి.మీ. ప్లగ్గులే ఇస్తారు. పూతే 15–20 మి.మీ. తినేస్తుంది, ఇక ఇటుకలోకి దిగేది సగమే. వాటిని పక్కన పెట్టి 10 మి.మీ. మందం, 60–80 మి.మీ. పొడవున్న నైలాన్ ప్లగ్గులు వాడండి. వాటికి తగ్గ స్క్రూ ప్లేటు బెజ్జంలో పడుతుందో లేదో ముందే చూసుకోండి. బెజ్జం ప్లగ్గు కన్నా 10 మి.మీ. లోతుగా వేసి, లోపలి పొడి పూర్తిగా ఊదెయ్యాలి. పొడి మిగిలితే ప్లగ్గు పట్టు దొరక్క స్క్రూతో పాటే తిరుగుతుంది. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు దిమ్మె) గోడైతే డ్రిల్ కొడుతూ తిరిగే హ్యామర్ మోడ్ వద్దు, బెజ్జం పెద్దదైపోతుంది. దానికోసం చేసిన ప్లగ్గులే వాడాలి. బోలు ఇటుకకు జాలీ గొట్టంతో కెమికల్ యాంకర్ (బెజ్జంలో గట్టిపడి పట్టుకునే జిగురు) కావాలి. జిప్సం బోర్డు గోడకు లోపలి ఫ్రేములోకి స్క్రూ దిగకపోతే ఈ షెల్ఫ్ ఆలోచనే మానుకోండి. స్విచ్ బోర్డుకు నిలువునా పైనా కిందా డ్రిల్ పెట్టవద్దు, వైర్లు ఆ దారినే పోతాయి.

గోడ ఎప్పుడూ అద్దంలా ఉండదు. రసమట్టంతో ప్లేటు సరిచూసి, ముందు రెండు చివర్ల స్క్రూలు వదులుగా బిగించి, నడుమ ఖాళీ ఉన్నచోట స్క్రూ దగ్గర వాషర్ దూర్చండి. అలా చేయకుండా బలవంతంగా బిగిస్తే ప్లేటు వంగి రాడ్లు తలోదిక్కు చూస్తాయి. రాడ్లు కాస్త కిందికి ఉన్నట్టు తోస్తే కింది అంచు వెనకాల పలుచటి రేకు ముక్క పెడితే లేస్తాయి.

ఇక చెక్క. 50 మి.మీ. ప్లేటు దాగాలంటే షెల్ఫ్ 60 మి.మీ. మందం ఉండాలి. రాడ్డు పొడవంత లోతుకు చేతి డ్రిల్‌తో నిటారుగా బెజ్జం వేయడం కష్టం, బిట్టు పక్కకు పోయి పై ముఖంలోంచి బయటికొస్తుంది. అందుకని పైనా కిందా 25 మి.మీ. ప్లై, మధ్యలో 12 మి.మీ. ప్లై పట్టీలు పెట్టి, రాడ్లు దూరే దారులు వదిలి అతికించడం తేలిక. పౌడర్ కోటింగ్ వల్ల రాడ్డు 12 కన్నా కాస్త లావుగా ఉంటుంది, దారిని ఉప్పుకాగితంతో రుద్దాలి. వెనక అంచులో ప్లేటు మందమంత గాడి తీయకపోతే గోడకూ షెల్ఫుకూ మధ్య సందు మిగులుతుంది. 600 మి.మీ. పొడవున ఇలా చేసిన షెల్ఫ్ ఒక్కటే 5–6 కిలోలు తూగుతుంది, 20 కిలోల్లోంచి అది తీసేసి మిగతాదే సామానుకు. పార్టికల్ బోర్డు వాడొద్దు, రాడ్డు ఒత్తిడికి లోపలే పొడైపోతుంది.

చెక్క జారి రాకుండా రాడ్ల మీద సిలికాన్ చుక్కలు చాలు. ఫెవికాల్ పోస్తే రేపు రంగులు వేయడానికి షెల్ఫ్ తీయాలన్నా రాదు. వారం పోయాక రసమట్టం మళ్లీ పెట్టి చూడండి: ముందు అంచు దిగి ఉంటే సామాను దించేసి, షెల్ఫ్ లాగి, పై స్క్రూలు తిరిగి బిగించండి. బిగుసుకోక అలాగే తిరుగుతుంటే ఆ బెజ్జం పనికిరాదు, పక్కన కొత్తది వేయాలి.