ఒక్క షోకే టైముంటే: జ్యూరీ మెచ్చిన సినిమానా, జనం మెచ్చిన సినిమానా?

ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డులు ప్రకటించాక, గెలిచిన సినిమాల్ని చాలాచోట్ల మళ్లీ వేస్తారు. అప్పటికి మన చేతిలో మిగిలేది ఒక్క పూట. ఒక హాల్లో జ్యూరీ బహుమతి సినిమా, పక్క హాల్లో ప్రేక్షకుల అవార్డు సినిమా, రెండూ ఒకే టైముకి. ఎటు వెళ్లాలి? నేనైతే జ్యూరీ సినిమాకే వెళ్తాను. అలాగని జనం తీర్పు తక్కువదని అనుకోకండి.

ప్రేక్షకుల అవార్డు ఎలా వస్తుందో చూస్తే దాని మీద ప్రేమ కలుగుతుంది. హాలు గుమ్మం దగ్గర వలంటీర్లు చిన్న కార్డులు ఇస్తారు. వాటి మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. ఎంత నచ్చిందో ఆ అంకె దగ్గర చించి డబ్బాలో వెయ్యాలి. ఇప్పుడు ఈ పని చాలాచోట్ల ఫోన్‌లోనే అయిపోతోంది. టొరంటో ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద పేరు జనం ఓటేసే పీపుల్స్ ఛాయిస్ అవార్డుదే. 2008లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్', 2013లో '12 ఇయర్స్ ఎ స్లేవ్' అక్కడ గెలిచి, తర్వాత ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకున్నాయి. 1989లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్ ప్రేక్షకులు దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ తొలి సినిమాకు పట్టం కట్టారు. అక్కడి జ్యూరీ పెద్ద బహుమతి మాత్రం వేరే సినిమాకు వెళ్లింది. కొన్ని నెలలకే ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి పాల్మ్ డోర్ ఆ కుర్రాడి చేతికొచ్చింది. జనం ముందే కనిపెట్టారన్నమాట.

కానీ ఆ ఓటు పడేది కళ్లు ఇంకా తడిగా ఉన్నప్పుడు. చూసినప్పుడు ఏమీ అనిపించక, మర్నాడు పొద్దున గుర్తొచ్చి కదిలించే సినిమాలుంటాయి. వాటికి ఆ డబ్బాలో న్యాయం జరగదు.

జ్యూరీకి ఆ వ్యవధి ఉంటుంది. కాన్ పోటీ విభాగంలో సాధారణంగా తొమ్మిది మంది కూర్చుని ఇరవై చిల్లర సినిమాలు చూస్తారు. దర్శకులు, నటులు, రచయితలు. వాదించుకుంటారు. ఒక్కోసారి ఎవరికీ ప్రాణం కాని సినిమా, అందరికీ ఫర్వాలేదనిపించిన సినిమా, మధ్యే మార్గంగా గెలిచే ప్రమాదమూ ఉంది. అయినా కొత్త దారి తొక్కినవాళ్లను గుర్తుపట్టే ఓపిక వాళ్లకే ఎక్కువ. 2024లో ముప్పై ఏళ్ల తర్వాత ఒక భారతీయ సినిమా ఆ పోటీలో నిలబడితే, దాని దర్శకురాలు పాయల్ కపాడియాకు అక్కడి రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి ఇచ్చింది అలాంటి జ్యూరీయే.

నాకు అసలు తేడా తెలిసింది ఒక సినిమా మధ్యలో. ఒక ముసలామె గిన్నెలు తోముతోంది. కెమెరా కదలదు. మాట లేదు, సంగీతం లేదు. మొదటి నిమిషంలో హాల్లో ఎవరో దగ్గారు, కుర్చీలు కిర్రుమన్నాయి. మూడో నిమిషానికి కుళాయి చుక్క సింకులో పడే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆమె చెయ్యి ఒక చిన్న గ్లాసు దగ్గర ఆగింది. అది పసిపిల్లల గ్లాసు. మూడొందల మంది ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. అదే సినిమా ఇంట్లో చూసుంటే రెండో నిమిషంలోనే నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్లేది.

నా లెక్కంతా ఇక్కడే ఉంది. జనం మెచ్చిన సినిమాను కొనేవాళ్లు త్వరగా దొరుకుతారు. ఇవాళ కాకపోతే ఆర్నెల్లకు థియేటర్‌కో ఓటీటీకో వచ్చే అవకాశం ఎక్కువ, ఇంట్లో చూసినా పట్టి కూర్చోబెడుతుంది. జ్యూరీలు ఓపికగా గుర్తుపట్టే ఇలాంటి నెమ్మది సినిమాకు మాత్రం చీకటి హాలు, పక్కవాళ్ల మౌనం కావాలి.

రెండు అవార్డులూ ఒకే సినిమాకు వస్తే బాధే లేదు. 2014లో సన్‌డాన్స్‌లో 'విప్లాష్'కు అలాగే వచ్చాయి. ఒక్క సందర్భంలో మాత్రం నా మాట పక్కన పెట్టండి: జనం మెచ్చిన సినిమా దర్శకురాలు షో అయ్యాక ప్రేక్షకులతో మాట్లాడతారని ఉంటే, అటే వెళ్లండి. అప్పు తెచ్చి తొలి సినిమా తీసిన మనిషి చప్పట్ల మధ్య నిలబడితే, ఆ చప్పట్లలో మనవీ ఉండాలి.

ఆ గిన్నెల సినిమా మళ్లీ ఎక్కడా వేసినట్టు చూడలేదు. ప్రతి ఫెస్టివల్ జాబితాలోనూ ముందు దాని పేరే వెతుకుతాను.