ప్రొటీన్ తయారీకి ఈ.కోలైయా, సీహెచ్‌ఓ కణాలా?

మనిషి జన్యువును ఉన్నదున్నట్టు ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో పెడితే చాలాసార్లు పని జరగదు. ఇంట్రాన్లను, అంటే జన్యువు మధ్యలో ప్రొటీన్‌కు అక్కరలేని భాగాలను, కత్తిరించే యంత్రాంగం దానికి లేదు. అందుకే సీడీఎన్‌ఏ, అంటే ఇంట్రాన్లు లేని డీఎన్‌ఏ ప్రతి, ఇవ్వాలి. అయినా ఈ.కోలై అరుదుగా వాడే ఏజీఏ, ఏజీజీ కోడాన్లు (అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల సంకేతాలు) వరసగా వస్తే, ఆ అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ సరిపడా దొరక్క, ప్రొటీన్‌ను కూర్చే రైబోజోమ్ ఆగిపోవచ్చు. 37 డిగ్రీల దగ్గర, జన్యువును పనిచేయించే ఐపీటీజీ అనే రసాయనం వేసి తొందరపెడితే కొన్ని ప్రొటీన్లు సరిగ్గా మడత పడక ముద్దకడతాయి. ముందు 18 డిగ్రీలకు దించి, రాత్రంతా వదిలి చూడండి. చాలాసార్లు అదే చాలు.

సీహెచ్‌ఓ, అంటే చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాలు, నిదానం. ఈ.కోలై 20 నిమిషాల్లో రెట్టింపైతే వీటికి దాదాపు రోజు పడుతుంది. కానీ ప్రొటీన్‌కు చక్కెర గొలుసులు తగిలిస్తాయి, దాని ఆకారాన్ని నిలిపే డైసల్ఫైడ్ బంధాలు కుదురుస్తాయి. ప్రొటీన్ మొదట్లో సిగ్నల్ పెప్టైడ్ (బయటికి పంపమని చెప్పే చిన్న భాగం) ఉంటే దాన్ని బయటి ద్రవంలోకే వదులుతాయి. పూర్తి యాంటీబాడీ కావాలంటే మా ఓటు వీటికే. ఇన్సులిన్‌కు చక్కెర గొలుసులతో పనిలేదు. 1982లో ఆమోదం పొందిన మనిషి ఇన్సులిన్ ఈ.కోలైలో చేసిందే.