మోటారుసైకిలు టైరు మార్పిస్తున్నారా? రిమ్ముకు ఎక్కించకముందే తేదీ, కొలత చదవండి

వెనక టైరు అరిగిపోయి కొత్తది కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే దుకాణానికి వెళ్లండి. ఆరేళ్ల కిందట తయారైన టైరును కొత్తదని చెప్పి, నా బండి రిమ్ముకు పొసగని వెడల్పును ఇంకా మంచిదని చెప్పి నాకు అంటగట్టారు. పదిహేడో రోజున తడిసిన రోడ్డు మీద, మామూలు మలుపులో, వెనక చక్రం పక్కకు జారిపోయింది. వేగం ముప్పై కూడా లేదు. వెనక కూర్చున్న మా చెల్లెలి మణికట్టు విరిగింది. తల కాపాడింది హెల్మెట్టు.

జరిగింది వరసగా చెబుతాను. మీకూ ఇదే వరసలో ఎదురుకావచ్చు.

నా బండికి కంపెనీ ఇచ్చిన వెనక టైరు కొలత 120/80-17. 2024 అక్టోబరులో దుకాణానికి వెళ్లి అదే అడిగాను. "ఆ కొలత ఇప్పుడు రావడం లేదు సార్. అందరూ 140/70 వేయించుకుంటున్నారు. వెడల్పు ఎక్కువ కదా, రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, బండికి నిండుతనం వస్తుంది" అన్నాడు అమ్మే అతను. వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. నేను నమ్మాను. టైరు ఎప్పటిదని అడిగితే దాని మీద నిలబడి ఉన్న సన్నని రబ్బరు వెంట్రుకలు చూపించి, "చూడండి, ఇవి ఇంకా రాలలేదు, అంత కొత్తది" అన్నాడు. పైగా టైరు నల్లగా నిగనిగలాడుతోంది.

ఆ వెంట్రుకల సంగతి నాకు తర్వాత తెలిసింది. టైరును అచ్చులో పెట్టి వేడి చేసేటప్పుడు గాలి బయటికి పోవడానికి అచ్చుకు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి చొరబడిన రబ్బరే ఆ పోగులు. టైరు రోడ్డు మీద తిరిగితే రాలిపోతాయి, తిరగకపోతే పదేళ్లయినా అలాగే ఉంటాయి. టైరు వాడలేదని మాత్రమే అవి చెబుతాయి. ఎన్నేళ్లుగా మూలన పడి ఉందో చెప్పవు. నిగనిగ అయితే సీసాలో దొరికే పూత. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

బండిని లోపలికి తీసుకువెళ్లారు. అరగంటలో టైరు ఎక్కించి, గాలి నింపి బయటికి తెచ్చారు. బిల్లు మీద 'టైరు 1' అని తప్ప ఇంకేమీ లేదు. నేను ఒక్కసారి వంగి చూసి ఉంటే సరిపోయేది. లోపల నలుగురు వేచి ఉన్నారు, కుర్రాడు కష్టపడి పని చేశాడు, ఇప్పుడు అనుమానంగా చూస్తే ఏమనుకుంటారో అన్న మొహమాటం నన్ను ఆపింది. ఈ మాటలన్నీ రాయడానికి అసలు కారణం ఆ మొహమాటమే. మనలో చాలామందికి అది ఉంది.

బండిలో తేడా మొదటి రోజే తెలిసింది. మలుపు తిప్పబోతే ముందు మొండికేసేది, ఆపైన ఒక్కసారిగా ఒకవైపు వాలిపోయేది. కొత్త టైరు కదా, అలవాటు కావాలి అనుకున్నాను. గుంతలో పడ్డప్పుడల్లా చైను వైపు నుంచి రాపిడి శబ్దం వచ్చేది. అదీ సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు.

పడిన తర్వాత బండిని వేరే మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన చక్రం ఊడదీసి, చైను వైపు ఉన్న పక్కగోడను తుడిచి, ఒక చిన్న అండాకారపు గడిలోని నాలుగంకెలు చూపించారు: 3518. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. అంటే 2018లో ముప్పై అయిదో వారం, ఆగస్టు చివర. నేను కొనేనాటికే ఆ టైరుకు ఆరేళ్లు దాటాయి. 2000 సంవత్సరం నుంచి తయారైన టైర్ల మీద తేదీని ఇలా నాలుగంకెల్లో వేస్తున్నారు. చాలా మోటారుసైకిలు టైర్లకు ఈ తేదీ ఒక్క పక్కనే ఉంటుంది. తిరగాల్సిన దిశను చూపే బాణం గుర్తును బట్టి టైరును ఎక్కించాలి కాబట్టి తేదీ ఉన్న పక్క ఎటు పడితే అటే. చైను, సైలెన్సరు, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని బండికి కలిపి పట్టి ఉంచే చట్రం) మాటున పడిందంటే మీరు నేల మీద కూర్చుని వెతికినా కనిపించదు. అందుకే రిమ్ముకు ఎక్కకముందే చూడాలని ఇంతగా మొత్తుకుంటున్నాను. ఒకసారి ఎక్కించాక, "వాడిన టైరు వెనక్కి తీసుకోం" అన్న మాట వాళ్ల నోట సిద్ధంగా ఉంటుంది. నాకూ అదే చెప్పారు.

వాడకపోతే పాతదెలా అవుతుందని అడిగేవాళ్లుంటారు. రబ్బరు ఊరికే ఉన్నా ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి దాన్ని మెల్లగా గట్టిపరుస్తాయి. మెత్తదనం కోసం కలిపిన నూనెలు క్రమంగా బయటికి వస్తాయి. అరుగుదల నుంచి కాకపోయినా పగుళ్ల నుంచి కాపాడే రసాయనాలను రబ్బరులో కలుపుతారు, కానీ అవి టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడే లోపలి నుంచి పైకి చేరి పని చేస్తాయి. కదలకుండా పడి ఉన్న టైరుకు ఆ రక్షణ సరిగా అందదు. పొడి రోడ్డు మీద ఈ గట్టిదనం పెద్దగా బయటపడదు. తడి రోడ్డులోని చిన్న చిన్న గరుకుల్లోకి ఒదిగే గుణం మెత్తని రబ్బరుకు ఉంటుంది, ముదిరిన రబ్బరుకు ఉండదు. జారేది అక్కడే. ఆ మెకానిక్కు టైరు మీద గోరు గుచ్చి చూపించారు, గుర్తు కూడా పడలేదు. గాడులను వేళ్లతో విడదీస్తే అడుగున సన్నని బీటలు.

చీకటి గదిలో, చల్లగా, నూనెలకూ, ఓజోన్ పుట్టించే కరెంటు మోటార్లకూ దూరంగా దాచిన టైరు ఏడాది, రెండేళ్లదైనా భయపడనక్కరలేదు. నిన్న తయారైనదే కావాలని పట్టుబట్టమని చెప్పడం లేదు. రెండేళ్లు దాటితే నేను తీసుకోను, ఇది నా గీత. వాడకంలో ఉన్న టైరునైతే అయిదేళ్లు దాటాక ఏటా నిపుణులకు చూపించమని, పదేళ్లకు చూడటానికి బాగున్నా తీసేయమని పేరున్న తయారీ సంస్థలు చెబుతున్నాయి. ఆ లెక్కన నా 'కొత్త' టైరు చేతికి వచ్చేనాటికే ఏటేటా చూపించుకోవలసిన వయసులో ఉంది.

ఇక వెడల్పు. 120/80-17లో 120 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 120లో 80 శాతం 96 మిల్లీమీటర్లు. 140లో 70 శాతం 98. ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే! అందుకే చక్రం చక్కగా అమరినట్టే కనిపించింది. తేడా అంతా పక్కలకు పోయింది. ఒక్కో వైపు దాదాపు పది మిల్లీమీటర్లు పెరిగింది, చైను కవరును రాసుకుంది.

రాపిడి ఒక్కటే అయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. నా రిమ్ము మీద 17×ఎంటీ 2.75 అని పోత పోసి ఉంది. అంటే టైరు అంచులు కూర్చునే చోటు వెడల్పు 2.75 అంగుళాలు, సుమారు 70 మిల్లీమీటర్లు. 140/70-17 టైరుకు కనీసం మూడున్నర అంగుళాల రిమ్ము ఉండాలి. ఇరుకు రిమ్ములోకి వెడల్పు టైరును కుక్కితే అంచులు దగ్గరికి నొక్కుకుపోయి టైరు వీపు గుండ్రం తప్పి మొనదేలుతుంది. నిటారుగా వెళ్తున్నప్పుడు నేలకు ఆనేది సన్నని పట్టీ మాత్రమే. వెడల్పు కొన్నాను, పట్టు పోగొట్టుకున్నాను. బండి ఒక్కసారిగా వాలిపోవడానికి కారణం కూడా ఆ మొనదేలిన ఆకారమే అని మెకానిక్కు చెప్పారు. ఆయన మాట నాకు నూటికి నూరుపాళ్లు అర్థమైంది, ఎందుకంటే సరైన కొలత వేయించిన రోజే ఆ జబ్బు పోయింది. అన్నట్టు, దొరకదన్న 120/80-17 రెండో దుకాణంలోనే దొరికింది.

నిజాయితీగా ఒక మాట. ఆ రోజు రోడ్డు తడిగా ఉంది, తడిలో మంచి టైరు కూడా జారవచ్చు. కొత్త టైరు నునుపు పోలేదేమో అనడానికి మాత్రం లేదు, అప్పటికి నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాను. అదే మలుపు, అంతకన్నా పెద్ద వానల్లో, అరిగిన పాత టైరుతో కూడా ఎన్నోసార్లు దాటాను.

కొలత తర్వాత ఉండే అంకె, అక్షరం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను బుట్టలో వేసుకోవడానికి వాటినీ వాడారు. నా పాత టైరు మీద 61పీ అని ఉండేది. 61 అంటే 257 కిలోల బరువు మోయగలదు, పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదు. అమ్మిన టైరు మీద 66ఎస్, అంటే 300 కిలోలు, 180 కిలోమీటర్లు. "అన్నిటా ఎక్కువే చూడండి" అన్నాడు. ఈ రెండూ బండి పుస్తకంలో చెప్పినదానికి తగ్గకూడదు, ఎక్కువ ఉంటే తప్పు లేదు. అంతవరకు అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ రిమ్ముకు పొసగని టైరు మూడు వందల కిలోలు మోసినా ఏం లాభం?

ముందూ వెనకా ఒకే జాతి టైర్లు ఉండాలన్న విషయం కూడా ఎవరూ చెప్పరు. టైరు లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉంటే బయాస్, అంచు నుంచి అంచుకు అడ్డంగా ఉంటే రేడియల్ అంటారు. ముందు బయాస్ ఉండి వెనక రేడియల్ వేస్తామంటే, బండి తయారీదారు ఆ జతను ఒప్పుకున్నారో లేదో పుస్తకంలో చూసుకోండి. కొలతల మధ్య అడ్డగీత స్థానంలో ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్. ముందు చక్రానికని గుర్తు వేసిన టైరును వెనక వేయనివ్వకండి. ట్యూబ్‌లెస్ అయితే టైరుతోపాటు వాల్వు కూడా మార్పించండి, అదీ రబ్బరే, అదీ ముదురుతుంది.

గాలి దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. నా బండి స్టిక్కరు మీద వెనక టైరుకు 33 అని ఉంటే దుకాణంలో 42 పెట్టి పంపారు. టైరు పక్కగోడ మీద ఉండే గాలి అంకె గరిష్ఠ బరువుకు సంబంధించినది, రోజూ నింపుకోవలసినది కాదు. అంచులు రిమ్ములో బిగుసుకోవడానికి మొదట ఎక్కువ గాలి కొడతారు, తర్వాత తగ్గించాలి. ఆ తగ్గించడం మరిచిపోతారు. స్వింగ్‌ఆర్మ్ మీదో చైను కవరు మీదో ఉండే స్టిక్కరును ఇంటి నుంచి బయలుదేరే ముందే ఫోటో తీసుకోండి, టైరు కొలత కూడా దాని మీదే ఉంటుంది.

దుకాణంలో నేను ఇప్పుడు చేసేది ఇది. టైరును వెలుతురులోకి తెమ్మంటాను. రెండు పక్కలా తిప్పి తేదీ వెతుకుతాను, కనిపించకపోతే ఆ టైరు వద్దంటాను. కొలతను స్టిక్కరుతో పోల్చుకుంటాను. గాడులు విడదీసి అడుగు చూస్తాను. పూత పూసి మెరుస్తుంటే తుడిచి చూపించమంటాను. ఆ తర్వాత తేదీ అంకెలు, కొలత బిల్లు మీద రాయమంటాను. మొదటిసారి అడిగినప్పుడు గొంతు కాస్త తడబడింది. అమ్మేవాడు మాత్రం ఏమీ అనకుండా రాసి ఇచ్చాడు. సరుకు మంచిదైతే రాయడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు. చిరాకుపడితే, ఆ చిరాకే మీకు జవాబు.

ఎక్కించిన తర్వాత బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూడండి, చక్రాన్ని చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకోండి. మొదటి నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా, గట్టి బ్రేకులు వేయకుండా, మలుపుల్లో బండిని బాగా వాల్చకుండా నడపండి, అప్పుడు మీ వెనక ఎవరినీ కూర్చోబెట్టకండి.

మా చెల్లెలి చేతికి కట్టు ఆరు వారాలు ఉంది. ఇప్పుడు రాయగలుగుతోంది, బరువులు ఎత్తితే నొప్పి వస్తోంది. ఆ టైరును కొద్దిరోజులు ఇంట్లోనే ఉంచాను. మెకానిక్కు దగ్గర పారేస్తే ఎవరైనా తుడిచి, మళ్లీ పూత పూసి అమ్మవచ్చు, వెంట్రుకలు రాలినా గాడులు నిండుగానే ఉన్నాయి. అందుకే పాత సామాను వాళ్లకు ఇచ్చే ముందు పక్కగోడను నాలుగు చోట్ల కత్తితో నిలువునా కోసేశాను.