బొమ్మల పుస్తకం, పాట, రెండు మైకులు: రెండేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. కరోకే స్పీకర్ కొన్నంత మాత్రాన పిల్లలు పుస్తకం పట్టరు. పుస్తకాలు తెచ్చి పడేసినంత మాత్రాన పాడరు. రెండూ జత కుదిరిన రోజు మాత్రం చదువూ అవుతుంది, పాటా అవుతుంది, ఇల్లు పీకి పందిరేయడమూ అవుతుంది. మాది తిరుపతిలో, బైరాగిపట్టెడలో మేడ మీద అద్దె ఇల్లు. రెండో తరగతి చదివే పాప, అక్షరాలు దిద్దే దశలో ఉన్న బాబు. పుత్తూరు దగ్గర పల్లె నుంచి అప్పుడప్పుడూ వచ్చి పోయే మా అత్త. సామాను పెద్దగా ఏం లేదు. రెండు వైర్‌లెస్ మైకులు వచ్చే బ్లూటూత్ స్పీకర్ ఒకటి, మూడు వేల లోపుది. ఒక పాత ఫోను. అట్టపెట్టె నిండా బొమ్మల పుస్తకాలు.

పుస్తకాన్ని పాటతో జత చేసే ఈ చిట్కా చెప్పేవాళ్లు చాలామంది ముందు పుస్తకం ఎంచుకోండి, తర్వాత దానికి తగ్గ పాట వెతకండి అంటారు. మా ఇంట్లో పనిచేసింది దీనికి తలకిందులు. పిల్లలకు ఏదో ఒక పాట పిచ్చి పట్టుకుంటుంది. పొద్దున పళ్లు తోముకునేటప్పుడూ అదే, స్కూలు ఆటోలోనూ అదే. మనకు విసుగొచ్చేదాకా వాళ్లు దాన్ని వదలరు. ఆ పిచ్చి ఉన్నప్పుడే దానికి పుస్తకం వెతకాలి. వాళ్లకు ఇష్టం లేని పాటను మంచి పుస్తకానికి అతికిస్తే పాటా పోతుంది, పుస్తకమూ పోతుంది.

ఇంకోటి. ఏనుగు పాటకు ఏనుగు పుస్తకం, వాన పాటకు వాన పుస్తకం అని విషయం చూసి జత చేస్తే అది రెండు రోజుల ముచ్చటే. చూడాల్సింది నడక. పాట ఏ తీరుగా నడుస్తుందో పుస్తకమూ ఆ తీరుగా నడవాలి. చిట్టి చిలకమ్మ పాటనే తీసుకోండి. అది మొత్తం ప్రశ్నలే, జవాబులు మనమే చెప్పుకోవాలి. మా వాడికి కొన్నాళ్లు అదే లోకం. దానికి నేను చిలక పుస్తకం వెతకలేదు. ప్రతి పేజీలో ఒక జంతువు ఇంకో జంతువును ఏదో అడిగి జవాబు చెప్పించుకునే చిన్న పుస్తకం ఒకటి పట్టుకున్నాను. పాప చేతిలో ఒక మైకు, వాడి చేతిలో ఒకటి. అక్క అడుగుతుంది, తమ్ముడు చెబుతాడు. మొదట పాట, తర్వాత అదే వరసలో పుస్తకంలోని మాటలు. వరసకు పట్టని మాట వస్తే సాగదీస్తారు, లేదంటే సగం మింగేస్తారు. ఆ సాగదీసే దగ్గరే వాడికి అక్షరాలు విడివిడిగా చిక్కాయి. ఒకరోజు 'ఎక్కడికి' అన్న మాటను ఎ, క్క, డి, కి అని మైకులో నాలుగు దెబ్బలుగా కొట్టాడు. వేలు కూడా పేజీ మీద ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పోయింది. కంఠతా వచ్చింది చెబుతున్నాడే కానీ చదవడం లేదని అంతకాలం వాదించిన మా ఆయన అప్పుడు నోరు మూసుకున్నాడు.

పుస్తకాలు ఎక్కడివని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువ భాగం ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు నుంచి. 2015 నుంచి ఉంది. తెలుగు ఎంచుకుంటే ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు. లైసెన్సు కూడా ఉదారమైనదే, సీసీ బై 4.0, అంటే వాళ్ల పేరు చెప్పి మనం ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పుస్తకం అడుగున పల్లవి రాసి అతికించుకునే నాలాంటివాళ్లకు ఇది ముఖ్యం. అక్కడ పుస్తకాలను స్థాయిలుగా విడగొట్టారు. ఒకటో స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 వరకు. పాటతో జత చేయడానికి ఒకటో స్థాయే సరి. ఒక పాట నిడివిలో పుస్తకం అయిపోతుంది. రెండో స్థాయిలో కథ సాగుతూ ఉంటే మధ్యలో పాట అడ్డం పడుతుంది. అనువాదాల నాణ్యత మాత్రం ఒక్క తీరుగా లేదు. కొన్ని చదువుతుంటే మన ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటాయి, కొన్ని నోట్లో తిరగవు. గట్టిగా పైకి చదివి చూశాకే ప్రింటుకు ఇవ్వండి. బాలాజీ కాలనీలో జెరాక్స్ షాపుకు ఇస్తే రంగుల ప్రింటు జేబుకు బరువు. నేను నలుపు తెలుపులో తీయించి రంగులు పిల్లలకే వదిలేస్తాను. ఏనుగు ఆకుపచ్చగా ఉంటే ఉండనీ.

తూలికా ప్రచురణ సంస్థ వాళ్ల రెండు భాషల పుస్తకాలు బొమ్మలకు నాకు చాలా ఇష్టం, కానీ పాటకు పనికి రాలేదు. ఒకే పేజీలో ఇంగ్లీషూ తెలుగూ ఉంటే పాడేటప్పుడు కన్ను తప్పిపోతుంది. అవి పడుకునే ముందు చదవడానికి.

ఇప్పుడు తెర సంగతి. నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. తెలుగు కరోకే అని వెతికితే వచ్చే వీడియోల్లో చాలావాటికి సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. పెళ్లి రిసెప్షన్లో పాడే పెద్దవాళ్లకు అది చాలేమో. తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకు దానివల్ల ఒరిగేదేముంది? పాటతో పాటు అదే భాష అక్షరాలు తెర మీద కదిలితే చదువు వస్తుందన్న ఆలోచన మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. 1996లో ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారి దీన్ని మొదలుపెట్టారు, తర్వాత ప్లానెట్‌రీడ్ సంస్థ ద్వారా దూరదర్శన్ పాటల కార్యక్రమాల కింద సాహిత్యం వేయించారు. అదే చెట్టు కొమ్మ బుక్‌బాక్స్. పిల్లల కథల వీడియోలు, కింద మాటలు వెలుగుతూ పోతాయి, తెలుగులోనూ ఉన్నాయి. తెర తప్పదనుకుంటే అవి చూపించండి. ఇంగ్లీషు లిపి కరోకే కంటే వెయ్యి రెట్లు మేలు.

నేనైతే తెర తీసేశాను. టీవీ ఆన్ అయితే పిల్లల చూపు దానికే అతుక్కుంటుంది, పుస్తకం ఒళ్లో నుంచి జారిపోతుంది. స్పీకర్లో సంగీతం మాత్రం వస్తుంది, చేతిలో పుస్తకం ఉంటుంది, పాడాల్సిన పల్లవి పేజీ అడుగున పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇదేదో నా కనిపెట్టుడు కాదు. జపాన్‌లోని కోబేలో 1971లో ఇనోవే దైసుకే తయారుచేసిన తొలినాళ్ల కరోకే పెట్టెకు తెరే లేదు. టేపులో సంగీతం, చేతిలో సాహిత్యం అచ్చేసిన పుస్తకం. తెరలు తర్వాత వచ్చాయి. తెర తీసేయడంలో ఇంకో లాభం, బ్లూటూత్ ఆలస్యం బాధ ఉండదు. మా టీవీకి బ్లూటూత్‌లో కలిపితే అక్షరం ముందు మెరిసేది, పాట వెనక వచ్చేది. ఆక్స్ వైరు పెడితే సర్దుకుంది కానీ ఆ వైరుకు మా వాడు తట్టుకుని పడటం ఖాయం.

స్పీకర్ గురించి. దీని మీద 'వోకల్ కట్' అని ఒక మీట ఉంది. నొక్కితే పాటలో గొంతు పోయి సంగీతం మిగులుతుందని పెట్టె మీద రాశారు. చౌక స్పీకర్లలో ఇది చేసే పని ఏంటంటే ఎడమ ధ్వనిలోంచి కుడి ధ్వనిని తీసేస్తుంది. రెండిట్లోనూ సమానంగా ఉండేది గొంతు కాబట్టి అది పోతుంది. సమానంగా ఉన్నదల్లా పోతుంది, అంటే డోలు దెబ్బ కూడా సగం పోతుంది. పాత మోనో పాటల్లో ఎడమా కుడీ ఒకటే, మీట నొక్కితే పాట మొత్తం మాయం. మా అత్త 'కరెంటు పోయిందా పాపా?' అని అడిగింది. ఆ మీట కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. మా తమ్ముడు లాప్‌టాప్‌లో స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాట నుంచి గొంతు విడదీసి ఇచ్చాడు. డీజర్ సంస్థ 2019లో ఉచితంగా బయటపెట్టింది దాన్ని. పాత పాటలకు కూడా పనికొచ్చింది. ఇంట్లో వాడుకోవడానికి సరే, నెట్‌లో మాత్రం పెట్టకండి.

ఎకో మీట సున్నాకు తిప్పి పెట్టండి. పిల్లలకు ఎకో అంటే మహా సరదా, కానీ అందులో ఒత్తులు కరిగిపోతాయి. 'అమ్మ' అన్నా 'అమా' అన్నా ఒకేలా వినిపిస్తుంది. చదువు కోసం అయితే పొడి గొంతే కావాలి. మైకు తలను అరచేత్తో మూస్తే, లేదా స్పీకర్ ముందుకు తీసుకుపోతే కూత పెడుతుంది. పిల్లలు రెండూ చేస్తారు. స్పీకర్‌ను వాళ్ల ముందు, ముఖం అవతలికి తిప్పి పెడితే కొంచెం నయం. స్పాంజి టోపీలు విడిగా కొనండి, మా వాడు మైకును ఐస్‌క్రీమ్ అనుకున్న కాలం ఒకటుంది. మగ గొంతుకు కట్టిన ట్రాకు పాపకు అందదు, కింద గొణుగుడు, పైన కీచు. ఫోన్ యాప్‌లో శ్రుతి మూడు నాలుగు మెట్లు జరిపితే గొంతు తెరుచుకుంది.

మా జతలన్నిటిలో నిలిచిపోయింది మాత్రం కొన్న పుస్తకం కాదు. తిరుపతిలో పిల్లలకు అన్నమయ్య పాట ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు, చెవిలో పడిపోతుంది. మా పాపకు 'ముద్దుగారే యశోద' నచ్చింది. ఆ పాటలో చిన్ని కృష్ణుణ్ణి తొమ్మిది రత్నాలతో పోలుస్తాడు అన్నమయ్య. పల్లవిలో ముత్యం, ఆ తర్వాత మాణిక్యం, వజ్రం, పచ్చ, పగడం, గోమేధికం, వైడూర్యం, పుష్యరాగం, చివరికి వేంకటాద్రి ఇంద్రనీలం. తొమ్మిది రత్నాలు, తొమ్మిది పేజీలు. డ్రాయింగ్ షీట్లు మడిచి కుట్టాను. ఒక్కో పేజీలో ఒక్కో రత్నం రంగు, దాని పక్కన ఆ పాదంలోని సంగతి. గోమేధికం పేజీలో గోవర్ధనగిరి, పుష్యరాగం పేజీలో కాళింగుడి పడగలు. వజ్రానికి ఏ రంగు వేయాలో పాపకు తోచలేదు. చివరికి చాక్లెట్ వెండి కాగితం అతికించింది. గోమేధికం ఏ రంగో నాకూ గుర్తు రాలేదు, గాంధీ రోడ్డులో నగల షాపుకు పోయినప్పుడు అడిగి చూశాం. తేనె రంగు. వైడూర్యం అన్న మాటను పాప చదివిన తీరు చూడాలి, 'డూ' దగ్గర ఊపిరి పట్టి, 'ర్యం' దగ్గర వదిలి. అంత కష్టమైన మాట పాఠ్యపుస్తకంలో వస్తే ఏడ్చేది. ఇక్కడ రాగం మోసుకుపోయింది.

మా వాడి ఇష్టం వేరు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర అయ్యాక వాడికి ఏ పాటా వద్దు, డప్పు కావాలి. నామకొమ్ము పూసుకున్న బైరాగి వేషాలు చూసి వచ్చి ఇంట్లో పౌడరు డబ్బా ఖాళీ చేశాడు. డప్పుకు పుస్తకం ఎక్కడ తేవాలి? మాటలు లేని ఊరేగింపు బొమ్మల పుస్తకం ఒకటి ఉంటే ముందు పెట్టాను. డప్పు ట్రాకు వేస్తే పేజీ తిప్పుతూ వాడే మాటలు కట్టుకున్నాడు. 'గుర్రమొచ్చె, గొడుగొచ్చె, గంగమ్మొచ్చె!' ఇంకా అక్షరాలు కూడని పిల్లలకు మాటలు లేని పుస్తకం, గొంతు లేని దరువు, ఈ జత దాదాపు ఎప్పుడూ గురి తప్పదు. కాకపోతే జాతరలో వేషగాళ్లు తిట్టే తిట్లు కూడా సంప్రదాయమే కదా, వాటిల్లో రెండు వాడి నోటికి వచ్చేశాయి. మైకులో. కింద ఇంటి ఓనరు భోంచేసే వేళ.

అత్త గురించి చెప్పకపోతే అన్యాయం. ఆమెకు దంపుళ్ల పాటలు బోలెడు వచ్చు. వాటికి ఏ కరోకే ట్రాకూ దొరకదు. మైకు వద్దంటుందనుకున్నా, పట్టుకుంటే వదల్లేదు. ఎకో సున్నా చేయబోతే చేయి అడ్డం పెట్టింది. 'గుళ్లో మైకు మాదిరి ఉండాది, ఉండనీలే పాపా.' ఆమె పాడేటప్పుడు ఎకో ఆమె ఇష్టం. ఫోన్లో రికార్డు చేసి, ఆమె సువ్వీ అన్నప్పుడల్లా పిల్లలు నేల మీద గరిటెతో కొట్టేలా ఒక ట్రాకు చేసుకున్నాం. దానికి పుస్తకం ఇంకా కాలేదు. పాప రాయడం మొదలుపెట్టి మూడో పేజీలో ఆపేసింది.

ఆపేయడానికి కారణం ఉంది. పాపకు చదువు వేగం వచ్చేసింది. ఈ మధ్య పుస్తకం తీసినప్పుడు నేను అలవాటుగా స్పీకర్ పెడితే 'ఆపమ్మా, చదువుకోనీ' అంటుంది. మైకు కావాలంటే సినిమా పాటలకే అడుగుతుంది, అప్పుడు పుస్తకం ఊసే లేదు. జతలన్నీ తమ్ముడికి దిగిపోయాయి. కాబట్టి మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలుంటే కొనండి, ఆ పైన ఉంటే ఆ మూడు వేలు పుస్తకాలకే పెట్టండి. కొనేవాళ్లు మైకులో మామూలు పెన్సిల్ సెల్లు పడేది చూసి తీసుకోండి. మా దాంట్లో బ్యాటరీ లోపలే బిగించి ఉంది, రెండో ఏడు వచ్చేసరికి ఒక మైకు ఒక్క పుస్తకానికి మించి ఆగడం లేదు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు. ప్రస్తుతానికి అక్కాతమ్ముళ్లకు ఒకటే మైకు, అడిగేవాళ్లకు ఇస్తారు, జవాబు చెప్పేవాళ్లు అరవాలి.