పాటు వేళ కోరింగలో

మా నాన్న ముప్పై రెండేళ్లు కాలువల మీద లస్కరుగా చేశారు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కాయడం ఆయన పని. రిటైరయ్యాక హైదరాబాదులో మా దగ్గరే ఉంటూ బాల్కనీలోంచి పార్కింగు చూస్తూ కూర్చుంటున్నారు. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికి, ఎక్కడికెళ్దాం నాన్నా అంటే "నీళ్లున్న చోటికి" అన్నారు. ఆయన, నేను, తొమ్మిదేళ్ల మా పాప బయల్దేరాం.

రాజమండ్రిలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాం. కోనసీమలో బస్సులకు కొదవ లేదు కానీ, పెద్దాయనతో, పిల్లతో అయితే కారే నయం. ముందు ధవళేశ్వరం. అక్కడ గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. అక్కడి మ్యూజియం చూడటానికి అరగంట చాలు. నాన్నకు చాల్లేదు. గేట్లు చూస్తూ ఎండలో గంటసేపు నిలబడ్డారు. పాప కారులో ఫోను చూసుకుంది.

మొదటి రాత్రి ఫోటోలు చూసి బుక్ చేసిన ఓ రిసార్టులో దిగాం. నాలుగున్నర వేలు. ఏసీ బాగుంది, పరుపు బాగుంది. గోదావరి కూడా ఉంది, కాకపోతే స్విమ్మింగ్ పూల్‌కి అవతల, ఆ పైన ప్రహరీకి అవతల. రాత్రి పదకొండు దాకా డీజే. పొద్దున టిఫినుకు బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్. కోనసీమలో ఉండి పొట్టిక్కలు పెట్టకపోవడం ఏమిటో! "మన అపార్టుమెంటుకే మళ్లీ వచ్చినట్టుందమ్మా" అన్నారు నాన్న. రెండో రాత్రికి కట్టిన డబ్బు వదులుకుని ఖాళీ చేశాం. ఆ డబ్బు గురించి ఇంకా బాధగానే ఉంది.

డ్రైవరు తనకు తెలిసిన వాళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. రాజోలు వైపు, కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు, ముందు పంటకాలువ. భోజనాలతో కలిపి రోజుకు రెండు వేల రెండు వందలు. ఏసీ లేదు, దోమతెర ఉంది. బాత్రూము పెరట్లో, కాబట్టి రాత్రిపూట పెద్దవాళ్లకు టార్చిలైటు తప్పనిసరి. ఆ ఇంటావిడ నాన్నను "బాబాయిగారూ" అంటూ పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు కొబ్బరి పచ్చడితో వడ్డించింది. పులస దొరుకుతుందా అని అడిగితే నవ్వింది. వరద నీటికి ఎదురెక్కి వచ్చే చేప అది, డిసెంబరులో పులస పెడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

అంతర్వేదికి వారం మధ్యలో వెళ్లడం మంచిది. దర్శనం పావుగంటలో అయిపోయింది. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గాలి బాగుంది, చెత్త బాగులేదు. పాపకు గుడి కన్నా సఖినేటిపల్లి రేవులో పంటు నచ్చింది. కార్లు, మోటారు సైకిళ్లు, కూరగాయల బుట్టలు, మనుషులు అన్నీ ఒకే బల్లకట్టు మీద నరసాపురం ఒడ్డుకు చేరతాయి. ఊరికే అటు వెళ్లి ఇటు వచ్చాం. దిండిలో హౌస్‌బోటు ధర విని వెనక్కి తిరిగాం, కాబట్టి దాని సంగతి చెప్పలేను.

మూడో రోజు యానాం మీదుగా కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి గంట కూడా పట్టదు. మేం వెళ్లేసరికి నీరు తీసేసింది. "పాటు మీదుందండీ, పోటు వచ్చేదాకా పడవ కదలదు" అన్నాడు పడవబ్బాయి. రెండు గంటలు! పాప ముఖం ముడుచుకుంది, నాకూ చిరాకేసింది. చేసేది లేక చెక్క వంతెన మీద నడిచాం.

కింద అంతా బురద. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్లు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయట. నాన్న వంగి చూస్తూ ఒక్కసారిగా "ఒసేయ్, చేప నడుస్తోందే!" అని కేకేశారు. నిజమే. వేలెడంత చేప రెక్కలు ఆనించి బురద మీద గెంతుతోంది, కళ్లు నెత్తిమీద. మడ్‌స్కిపర్ అంటారు దాన్ని. ఆ పక్కనే చిన్న పీతలు. మగవాటికి ఒక డెక్క ఒంటికి మించిన సైజు, దాన్ని ఊపి ఊపి ఆడపీతను పిలుస్తాయి. పాప వంతెన మీద బోర్లా పడుకుంది. కాసేపటికి డెబ్బై ఒక్కేళ్ల మా నాన్న కూడా పడుకున్నారు. ఆ పీత ఈ పీతను కొడుతుందని ఒకరు, కొట్టదని ఒకరు పందెం. నేను ఫోటో తీయబోయి, ఫోను లోపల పెట్టేసి, ఖాళీ ఉన్నచోట నేనూ చేరాను. ఆఫీసులో క్వార్టర్ ఎండింగ్ ఉందన్న సంగతి ఆ పూటంతా గుర్తు రాలేదు.

పోటు ఎక్కాక పడవ కదిలింది. పడవబ్బాయి ఓ మడాకు కోసిచ్చి నాకి చూడమన్నాడు. ఉప్పు! ఎక్కువైన ఉప్పును చెట్టు ఆకుల మీదికి నెట్టేస్తుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం వెళ్లొద్దన్నాడు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. "అన్నేళ్లు నీళ్లు వదిలాను గానీ, అవి చివరికి ఎవరి దగ్గరికి పోతాయో ఇప్పుడు చూశాను" అన్నారు నాన్న. ఇక్కడ చేపలు పట్టుకు తినే బావురు పిల్లి ఉంటుంది గానీ, మాకు కనబడలేదు. దాని పాదముద్ర చూశానని పాప వాదన.

వెళ్లేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, సంక్రాంతి వారం వదిలేయండి. దోమల మందు, జారని చెప్పులు, పెద్దవాళ్లకు టోపీ. పోటు ఎన్నింటికో ముందే ఫోను చేసి కనుక్కుంటే పడవకు ఎదురుచూడక్కర్లేదు. మేం కనుక్కోలేదు, మళ్లీ వెళ్లినా కనుక్కోం.